జొన్నబెండు బండి మీద చీటీ

మా మనవరాలు మేధకి ఆరేళ్ళు. ఈ వేసవిలో నందిగామలో దాని బడివాళ్ళు సమ్మర్ క్యాంపు పెట్టి, పిల్లలందరికీ ఇంటికి ఒక్కో అట్టపెట్టె పంపారు. పెట్టె మీద 'మన పల్లె ఆటబొమ్మలు' అని రాసి, పక్కన ఒక ఆకు బొమ్మ వేసి, ఇది ప్రకృతికి ఏ హానీ చేయదని హామీ ఇచ్చారు. ఆ హామీ మీద మూడు పొరల ప్లాస్టిక్ చుట్టారు. దాన్ని విప్పడానికి మా కోడలు శిరీష ముందు కత్తెర తెచ్చింది, తర్వాత చాకు తెచ్చింది, చివరికి మా అబ్బాయి పళ్ళు వాడాడు. లోపల గుండ్రంగా కోసిన రెండు అట్టముక్కలు, ఒక పుల్ల, ఒక జిగురు సీసా, సూచనల పుస్తకం ఉన్నాయి. అట్టముక్కలకి తాటికాయ రంగు పూసి ఉంది. పుస్తకం చదివితే తెలిసింది, అది ముంజకాయల బండి అట. సూచనల్లో మొదటిది 'పెద్దల సమక్షంలో మాత్రమే తయారుచేయండి' అని. మా చిన్నప్పుడు ముంజకాయల బండికి ఒకటే సూచన ఉండేది, పెద్దల కంట పడకుండా చేయాలని.

ఆ పెట్టెతో పాటు ఒక కాగితం వచ్చింది. దాన్ని శిరీష పైకి చదివింది. తన ఆటబొమ్మలన్నీ తన చేతులతోనే చేసుకుంటూ పెరిగిన ప్రముఖ రచయిత్రి శ్రీమతి రాజ్యలక్ష్మి గారు, అంటే నేను, క్యాంపు ఆఖరి రోజున పిల్లలకి ముంజకాయల బండి చేయడం నేర్పుతారని అందులో ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరమూ వాళ్ళకి కనపడి ఉండదు. పదిహేనేళ్ళుగా నేను ఆదివారం అనుబంధాల్లో నా బాల్యాన్ని ముక్కలు ముక్కలుగా కోసి వడ్డిస్తూనే ఉన్నాను. తాటాకు బూరలు చేసేవాళ్ళం, మట్టితో ఎడ్లు చేసేవాళ్ళం, జొన్నబెండ్లతో కళ్ళజోళ్ళు చేసేవాళ్ళం అని రాసి, చివర్లో ఈ కాలం పిల్లల చేతుల్లో సెల్‌ఫోన్లు తప్ప ఏముందని ఒక నిట్టూర్పు విడిచేదాన్ని. ఆ నిట్టూర్పుకి పాఠకుల ఉత్తరాలు బాగా వచ్చేవి. శిరీష ఆ వ్యాసాలన్నిటినీ ఫోన్లో ఫొటోలు తీసి తల్లుల వాట్సాప్ గ్రూపులో పెడుతూ వచ్చింది.

"ఎంత అదృష్టం అత్తయ్యా! మీ చేత్తో మీరే నేర్పిస్తారు" అంది శిరీష.

నా చేతుల సంగతి ఇప్పుడైనా చెప్పాలి. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన ఆ చేతులకి సుద్దముక్క పట్టుకోవడం తప్ప ఇంకే పనీ సరిగ్గా రాదు. నేను పోసిన అట్టు ఇంతవరకూ గుండ్రంగా రాలేదు. జీవితంలో ఒక్క ముంజకాయల బండి చేయలేదు, ఒక్క బూర చుట్టలేదు. 'చేసేవాళ్ళం' అని రాసిన ప్రతిచోటా చేసింది ఒకే ఒక్క మనిషి, మా అప్పయ్య బాబాయి. నేను పక్కన కూర్చుని తిన్నదాన్ని.

మాది వత్సవాయి దాటాక ఉన్న చిన్న ఊరు. పత్తి, మిరప, మెట్ట జొన్న. ఇంట్లో మా నాన్న, అమ్మ, నాన్నని కన్న మామ్మ, నాన్నకి ఒక్కగానొక్క తమ్ముడైన బాబాయి. నాన్న తెల్లవారకముందే పొలానికి వెళ్ళి దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. ఏ వస్తువు చూపించినా "దీనివల్ల ఏం ఒరుగుతుంది?" అని అడగడం ఆయనకి అలవాటు. మందారచెట్టుని కూడా అలాగే అడిగాడు, దానికి సమాధానం రాకపోయేసరికి కొట్టించేసి బెండమొక్కలు పెట్టించాడు. బాబాయి వల్ల ఏం ఒరుగుతుందో ఆయనకి ఎప్పుడూ అంతుపట్టలేదు. బాబాయిని పొలానికి పంపితే మధ్యాహ్నానికల్లా గట్టు మీద కూర్చుని ఏదో చెక్కుతూ దొరికేవాడు. మిరపకాయలు ఎండబెట్టమంటే వాటిని ఎర్రటి నెమలి ఆకారంలో పరిచి, మామ్మ చేత చివాట్లు తిన్నాడు. "పనికిమాలినోడా" అనే మాట మా ఇంట్లో ఎంతగా వినపడేదంటే, చాలాకాలం అది బాబాయి ఇంటిపేరనుకున్నాను.

ఆ పనికిమాలినవాడి చేతుల మీదుగానే మా ఇంట్లో రుతువులు మారేవి. చలికాలంలో పెరట్లో పాతర తవ్వి తేగలు తీసి, కుండలో పెట్టి కాల్చేవాడు. ఆ తడిమట్టి వాసన, కాలిన పీచు వాసన కలిసి పశువుల చావిడంతా నిండేవి. తేగ చీల్చి మధ్యలో ఉన్న లేత మొలకని నా నోట్లో పెట్టి, పీచు తను నమిలేవాడు. వానలు పడ్డాక నల్లమట్టి ముద్దలు తెచ్చి ఎడ్లు చేసి, కళ్ళకి గురిగింజలు అద్దేవాడు. సీతాఫలాల రోజుల్లో, కాయల్ని గడ్డిలో మగ్గబెట్టి, ఏది ఏ రోజు పండుతుందో ముక్కుతో చూసి చెప్పేవాడు. మామ్మ చాప మీద మామిడి తాండ్ర పోసినప్పుడు కాకుల కాపలా నాకు, బాబాయికి కలిపి వేసేది. కాకుల్ని తోలడానికి బాబాయి తాటాకుతో గాలికి గిరగిరా తిరిగే పంకాలు చేసి చాప నాలుగు మూలలా గుచ్చేవాడు. కాకులు రాలేదు గానీ ఊళ్ళో పిల్లలందరూ వచ్చారు. తాండ్ర అంచులు ఎవరు గీక్కుతిన్నారని మామ్మ అడిగితే బాబాయి తన పేరే చెప్పాడు.

ఇక ముంజల కాలం. లేత తాటికాయని పైన ఒక్క వేటుతో కోసి, మూడు కళ్ళూ బయటపడ్డాక చేతికిచ్చేవాడు. బొటనవేలు లోపలికి దోపి ముంజ కదిలించి, కాయకి నోరు ఆనించి జుర్రుకోవాలి. నీళ్ళు మోచేతి దాకా కారాలి. "కాయ పగలకుండా తినమ్మాయ్, రేపు చక్రాలకి పనికొస్తయ్" అనేవాడు. తినేసిన రెండు కాయలకి మధ్య ఒక గట్టి పుల్ల గుచ్చి, దాని మీద పంగల కర్ర ఆనిస్తే బండి. దాన్ని తోసుకుంటూ నేను ఊరంతా తిరిగేదాన్ని. రెండు రోజులకి కాయలు ఎండి వంకర్లు పోతే ఇంకో బండి. తిండీ ఆటా ఒకే కాయలో ఉండేవి. ఆ చక్రాల కోసం ఎవరూ పెట్టె పంపలేదు.

ఇక్కడిదాకా వ్యాసాల్లో రాసిందే, బాబాయి పేరు తప్ప. ఇప్పుడు రాయనిది చెప్తాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఊరి బడికి ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని, పిల్లలందరూ ఇంటి దగ్గర సొంతంగా ఒక వస్తువు చేసి తేవాలని పంతులుగారు హుకుం జారీ చేశారు. మూడు రోజులు నేను జొన్నదంటుతో కుస్తీ పట్టాను. వేళ్ళు కోసుకున్నాను తప్ప దంటు లొంగలేదు. ఏడుస్తూ చావిడికి వెళితే బాబాయి నా వేళ్ళకి పసుపు పెట్టి, ఒక పూట కూర్చుని ఎడ్లబండి చేశాడు. దంటు మీది బద్దలు ఒలిచి చట్రం, లోపలి తెల్లటి బెండుతో ఎడ్లు, మేకులకి బదులు తుమ్మముళ్ళు. చక్రాలు నిజంగా తిరిగేవి. కాడి ఎత్తితే లేచేది. బడిలో పంతులుగారు ప్రతి వస్తువుకీ ఒక చీటీ ఇచ్చి, చేసినవాళ్ళ పేరు రాసి అతికించమన్నారు. నేను చీటీ మీద 'రాజ్యలక్ష్మి, నాలుగో తరగతి' అని రాశాను. పెన్సిలు ఆగలేదు. అందరు పిల్లలూ అదే పని చేస్తున్నారు. మా క్లాసులో ఒకడు తెచ్చిన నులకమంచం వాళ్ళ తాత అల్లిందని బడంతటికీ తెలుసు.

మొదటి బహుమతి నాకొచ్చింది. మా నాన్న బడికి వచ్చి, ఆ బండిని అరచేతిలో పెట్టుకుని ఇంటిదాకా నడిచాడు. దారిలో ఎదురైన ప్రతివాళ్ళకీ ఆగి చూపించాడు. ఆయన ఒక్కసారి కూడా దీనివల్ల ఏం ఒరుగుతుందని అడగలేదు. అంత సంతోషంగా మా నాన్నని నేను చూడటం అదే మొదటిసారి. ఆ సాయంత్రం అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు, బండిని మధ్యలో పెట్టి బాబాయి వైపు తిరిగాడు.

"చూడరా అప్పిగా. తొమ్మిదేళ్ళ పిల్ల. చేత్తో ఏం చేసుకొచ్చిందో చూడు. ఇన్‌స్పెక్టరు గారు భుజం తట్టారంట. నీకు పాతికేళ్ళొస్తున్నయ్. ఏం ఉద్ధరించావురా ఇంతవరకూ?"

మామ్మకి నిజం తెలుసు. ఆమె పప్పుగిన్నెలోకి చూస్తూ కూర్చుంది. అమ్మకీ తెలుసు, ఆమె నీళ్ళ కోసం లేచి వెళ్ళింది. బాబాయి మజ్జిగ అన్నం కలుపుతూ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"బాగా చేసింది అన్నయ్యా. చక్రాలు కూడా తిరుగుతున్నయ్" అన్నాడు.

అంతే. పది రోజుల్లో బాబాయి జగ్గయ్యపేటలో ఒక పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరి వెళ్ళిపోయాడు. ఇంట్లో అందరూ వీడికి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందన్నారు. ఆ వేసవిలో ముంజకాయలు వచ్చాయి గానీ బండి రాలేదు. నాన్న జొన్నబెండు బండిని అలమరాలో పెట్టాడు. కొన్నాళ్ళకి అది పురుగు పట్టి పొడైపోయింది. కానీ దాని చీటీని నాన్న పారేయలేదు. తన ట్రంకుపెట్టె మూత లోపల, వెంకటేశ్వరస్వామి పటం పక్కన, అన్నం మెతుకులతో అతికించుకున్నాడు. ఆయన పోయాక ఆ పెట్టె నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు అందులో దుప్పట్లు పెట్టుకుంటున్నాం. దుప్పటి తీసిన ప్రతిసారీ నా చేతిరాత నన్ను పలకరిస్తుంది. అందుకే చలికాలం దుప్పట్లు తీసే పని శిరీషకి అప్పజెప్పాను.

క్యాంపు కాగితం వచ్చిన మర్నాడు బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళాను. బాబాయికి ఎనభై దాటాయి. కొడుకూ కోడలూ బాగా చూసుకుంటారు. అరుగు మీద కూర్చుని, కోడలు పెట్టిన మామిడిపండు తింటూ టెంక చీకుతున్నాడు. "ఏందమ్మాయ్, ఇట్టా ఊడిపడ్డావ్?" అన్నాడు. విషయం చెప్పాను. ముంజకాయల బండి చేయడం నేర్పమన్నాను. ఆయన టెంక పక్కన పెట్టి కాసేపు నవ్వాడు.

"బళ్ళో నేర్పుతున్నారా దీన్ని? మీ నాన్న ఉంటే బడి మాన్పించేవాడు."

"ఇప్పుడు దీన్ని వేళ్ళ నైపుణ్యం అంటున్నారు బాబాయ్. మెదడు పెరుగుతుందంట."

"నాకు పెరగలేదే" అన్నాడు బాబాయి.

చెప్పాలనుకుని వచ్చిన అసలు మాట అప్పుడు చెప్పాను. జొన్నబెండు బండి సంగతి, చీటీ సంగతి, ఆ సాయంత్రం నేను నోరు విప్పని సంగతి. ఇన్నేళ్ళు వ్యాసాల్లో కూడా విప్పలేదని ఒప్పుకున్నాను. బాబాయి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"నీ రాతలన్నీ మా కోడలు చదివి వినిపిస్తది. 'చేసేవాళ్ళం, చేసేవాళ్ళం' అని రాసావుగా. ఎవరు మామయ్యా చేసింది అని అడిగింది. పిల్లలందరూ కలిసి చేసేవాళ్ళులే అని చెప్పా. నీ మాట పోకూడదుగా."

అంటే నా అబద్ధాన్ని ఈయన రెండోసారి కూడా మోశాడు. నేను ఏడుస్తుంటే ఆయన కంగారుపడి, కోడలిని పిలిచి నాకూ ఒక మామిడిపండు ఇమ్మన్నాడు. క్యాంపుకి తనే వస్తానన్నాడు. "నీ వల్ల కాదులే అమ్మాయ్. నువ్వు వేళ్ళు కోసుకుంటావ్" అన్నాడు.

ఆఖరి రోజున బడి హాల్లో ఏసీ వేసి, గోడలకి కాగితపు తాటిచెట్లు అంటించారు. ప్రతి బిడ్డా మూడేసి ముంజకాయలు తేవాలని గ్రూపులో ముందే మెసేజ్ పెట్టారు. తల్లులు బాధ్యతగా తెచ్చారు. హైవే మీద పరిటాల దగ్గర బండ్లవాళ్ళు తొక్క తీసి అమ్మే ముంజల్ని, మూతలున్న డబ్బాల్లో, చెంచాలతో సహా తెచ్చారు. ముప్పై డబ్బాల్లో తెల్లగా, మెత్తగా, చక్కగా ఒలిచిన ముంజలు. ఒక్కదానికీ కాయ లేదు. చక్రం అనేది ముంజకి కాదు, దాని తొక్కకే వస్తుందని ఆ హాల్లో తెలిసినవాళ్ళు లేరు. మేడం గారు ఒక ముంజని వేళ్ళతో పట్టుకుని, పుల్ల ఎటు గుచ్చాలా అని నన్ను అడిగారు. అందుకే అట్టచక్రాలు ఇచ్చాం కదా అని ఇంకో మేడం ఆవిణ్ణి ఆదుకున్నారు. పిల్లలు చెంచాలతో ముంజలు తింటూ, అట్టచక్రాలకి జిగురు పూస్తూ, ఏది దేనికో మర్చిపోతున్నారు. ఒక బుడ్డోడు జిగురు చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడు బాబాయి వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద గోనెసంచి. సంచిలో పుల్లలు, పంగల కర్రలు, కాయలతో నిండిన తాటిగెల. దాన్ని బస్సులో తెచ్చినందుకు కండక్టరుతో గొడవపడి వచ్చాడట. మైకు నా చేతిలోనే ఉంది. ప్రముఖ రచయిత్రి గారు రెండు మాటలు మాట్లాడతారని ప్రకటించి ఉన్నారు. తల్లులందరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

"నాకు ముంజకాయల బండి చేయడం రాదండి" అన్నాను. "నేను రాసిన బొమ్మలన్నీ ఈయన చేశారు. మా అప్పయ్య బాబాయి. నేను ఆడుకున్నాను, అంతే."

చప్పట్లు కొట్టారు. రచయితలు వినయంగా మాట్లాడతారని వాళ్ళకి ముందే తెలుసు. యాంకరు మేడం బాబాయి ముందు మైకు పెట్టి, "సార్, మీరు ఏం చేసేవారు?" అని అడిగారు. "పనికిమాలినవాణ్ణండి. ఇంట్లో అట్టాగే అనేవాళ్ళు" అన్నాడు బాబాయి. హాలంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఆయన నేల మీద చతికిలబడి, సంచిలోంచి కత్తి తీశాడు. కత్తి చూసి ముగ్గురు తల్లులు పిల్లల్ని వెనక్కి లాగారు. ఒక్క వేటు. మూడు కళ్ళు. ముందు మేధ చేతికిచ్చాడు. "చెంచా పడేసి బొటనవేలు దోపు తల్లీ." నీళ్ళు దాని మోచేతి దాకా కారాయి, క్యాంపు వాళ్ళిచ్చిన చొక్కా తడిసింది. ఒక మేడం తడి కాగితాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కానీ అప్పటికే ముప్పైమంది పిల్లలూ గెల చుట్టూ కూర్చున్నారు. అట్టచక్రాలన్నీ బల్లల మీద అనాథల్లా ఉన్నాయి. అరగంటలో తొమ్మిది బండ్లు తయారయ్యాయి. ఏసీ హాల్లో పాలరాతి నేల మీద అవి చేసిన చప్పుడుకి పక్క గదిలో కరాటే క్లాసు ఆగిపోయింది.

చివర్లో బహుమతుల కోసం ఒక్కో బండికీ ఒక్కో చీటీ ఇచ్చారు. చీటీ మీద 'తయారుచేసినవారు' అని అచ్చువేసి, పక్కన గీత గీసి ఉంది. తల్లులు గబగబా పిల్లల పేర్లు, తరగతి, సెక్షను రాసేశారు. శిరీష కూడా మేధకి పెన్సిలిచ్చి, "నీ పేరు రాయి నాన్నా, ప్రైజు వస్తుంది" అంది. మేధ పెన్సిలు పట్టుకుని ఆగింది.

"నేను తిన్నాను. చేసింది తాతయ్య. ఎవరి పేరు రాయాలి నానమ్మా?"

నేను నోరు తెరిచేలోపే బాబాయి కలగజేసుకున్నాడు. "పాప పేరే రాయనీయండమ్మా. చిన్నపిల్ల, సంబరపడుద్ది" అన్నాడు. మూడోసారి కూడా మోయడానికి సిద్ధంగా ఉన్నాడు.

"తాతయ్య పేరు రాయి మేధా" అన్నాను. "చేసినవాళ్ళ పేరే రాయాలి."

"అత్తయ్యా, ప్రైజు పిల్లలకే ఇస్తారు" అంది శిరీష మెల్లిగా.

"ఇవ్వకపోతే మానె."

మేధ బోర్లా పడుకుని, నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం గీస్తూ 'అప్పయ్య తాతయ్య' అని రాసింది. బాబాయి కళ్ళజోడు తెచ్చుకోలేదు. "ఏం రాసావు తల్లీ, చదువు" అన్నాడు. అది చదివింది. ఆయన కత్తిని పంచె అంచుతో తుడిచి, సంచిలో పెట్టి, మళ్ళీ బయటికి తీసి, మళ్ళీ తుడిచాడు. ఇంక ఆ విషయం అయిపోయిందనుకున్నాను. అప్పుడు వంగి, మేధ చెవి దగ్గర చిన్నగా అడిగాడు.

"ఇంటిపేరు కూడా రాస్తావామ్మా?"

దానికి ఆ ఇంటిపేరు తెలియదు. నేను ఒక్కో అక్షరం చెప్తుంటే రాసింది. అది మా నాన్న ఇంటిపేరు.

మొదటి బహుమతి అట్టచక్రాల బండికి వచ్చింది. దానికి మెరుపుల కాగితం అంటించి, బ్యాటరీ లైట్లు పెట్టారు. అది చేసిన తల్లికి నిజంగానే నైపుణ్యం ఉంది. మా బండికి ఏమీ రాలేదు. దాన్ని మేధ ఇంటిదాకా తోసుకొచ్చింది. రెండు రోజులకి కాయలు ఎండి వంకర్లు పోయాయి, చీమలు పట్టాయి, శిరీష బయట పారేసింది. నాకు కావలసింది చీటీ ఒక్కటే.

మండే ఎండల్లో దుప్పట్ల పెట్టె ఎందుకు తెరుస్తున్నావని మా అబ్బాయి అడిగాడు. మూత ఎత్తాను. స్వామి పటం వెలిసిపోయింది గానీ 'రాజ్యలక్ష్మి, నాలుగో తరగతి' అన్న చీటీ మీది రాత అలాగే ఉంది. దాన్ని చింపలేదు. ఎంతైనా మా నాన్న చేత్తో అతికించినది. కొత్త చీటీని సరిగ్గా దాని మీద పెట్టి, క్యాంపు పెట్టెలో వచ్చిన జిగురు రాసి నొక్కాను. అది అంటలేదు, రెండుసార్లు రాలిపడింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలోంచి నాలుగు అన్నం మెతుకులు తెచ్చుకుని, వేలితో మెదిపి రాశాను.

అంటుకుంది.